పేరు కింద ఏం వేయమంటారు?

పెదనాన్న పోయిన ఎనిమిదో రోజున అన్నయ్యా నేనూ ఫ్లెక్సీ షాపులో కూర్చున్నాం. కంప్యూటర్ ముందున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. పెదనాన్న ఫోటోలో వెనకున్న కర్టెన్ తీసేసి నీలం ఆకాశం పెట్టాడు, మెడలో దండ వేశాడు, అటూ ఇటూ రెండు దీపాలు వెలిగించాడు, అంతా మూడు నిమిషాల్లో అయిపోయింది. సైజు ఆరడుగులు, నాలుగడుగులు. పైన 'కన్నీటి నివాళి', కింద 'మీ ఆశయాలే మాకు మార్గం' అని ముందే ఉన్నాయి, ఎవరు పోయినా అవే. మధ్యలో పేరు కొట్టి, కర్సర్ కింది లైనులోకి దించి, మా వైపు తిరగకుండానే అడిగాడు: "పేరు కింద ఏం వేయమంటారన్నా?"

'మాజీ సర్పంచ్' అన్నాడు అన్నయ్య, ఆలోచించకుండా. అబద్ధం కాదు, ఒక టర్ము చేశాడు. కానీ దానికి ముందూ తర్వాతా కలిపి నలభై ఏళ్లు బస్టాండు పక్క రేకుల షెడ్డులో మోటారు వైండింగ్ చేశాడు. సర్పంచిగా ఉన్న ఐదేళ్లూ కూడా పొద్దున షెడ్డు తెరిచాకే పంచాయతీకి వెళ్లేవాడు. ఐదేళ్లది వేయాలా, నలభై ఏళ్లది వేయాలా? నేను ఒక్క నిమిషం అన్నాను. మా వెనక ఒక పెళ్లి ఫ్లెక్సీ వాళ్లు, ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ వాళ్లు నిలబడి ఉన్నారు, కుర్రాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

అసలు అడగాల్సింది పెదనాన్ననే. కానీ మన ఇళ్లలో బతికున్న మనిషిని 'నువ్వు పోయాక నీ గురించి ఏం రాయమంటావ్' అని ఎవరు అడుగుతారు? నోరు మూసుకో, అవేం మాటలు అంటారు. అయితే ఈ ప్రశ్నని తమకి తామే వేసుకుని, జవాబు కాగితం మీద రాసి పెట్టి పోయినవాళ్లు చరిత్రలో చాలామందే ఉన్నారు. వాళ్ల రాళ్ల మీద ఏముందో, ముఖ్యంగా ఏం లేదో చూస్తే, 'జీవితానికి అర్థం ఏంటి' అనే మోయలేని ప్రశ్న కాస్త చేతికి అందేంత చిన్నది అవుతుందని నాకనిపిస్తుంది.

ఇంగ్లీషులో దీన్ని ఎపిటాఫ్ అంటారు. గ్రీకులో 'ఎపి' అంటే మీద, 'తాఫోస్' అంటే సమాధి. మనం సమాధి రాత అనుకోవచ్చు. పాత రోములో ఊరి లోపల పూడ్చకూడదని చట్టం, అందుకని సమాధులన్నీ ఊరి బయట రోడ్డు పక్కన వరసగా ఉండేవి. దాంతో అక్కడి రాతలు దారిన పోయేవాళ్లని పలకరిస్తున్నట్టు ఉంటాయి: బాటసారీ, ఆగు. ఇంకొక రాత అయితే ఎంత మామూలైపోయిందంటే మాటలు పూర్తిగా చెక్కకుండా మొదటి అక్షరాలు మాత్రమే చెక్కేవాళ్లు. దాని భావం ఇది: 'ఒకప్పుడు లేను, తర్వాత ఉన్నాను, ఇప్పుడు లేను, పట్టించుకోను.' అంటే రెడీమేడ్ మేటర్ అనేది మన ఫ్లెక్సీ కుర్రాడు కనిపెట్టింది కాదు, రెండు వేల ఏళ్ల కిందటే రాయి చెక్కేవాడి దగ్గర ఉంది.

సొంతంగా రాసుకున్నవాళ్లలో నన్ను బాగా ఆపేసినవాడు థామస్ జెఫర్సన్. అమెరికా మూడో అధ్యక్షుడు. వర్జీనియా గవర్నరు, ఫ్రాన్సులో రాయబారి, విదేశాంగ మంత్రి, ఉపాధ్యక్షుడు, ఆ తర్వాత 1801 నుంచి 1809 దాకా రెండు సార్లు అధ్యక్షుడు. 1803లో ఫ్రాన్సు దగ్గర లూసియానా కొని దేశం విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేసింది ఈయన హయాంలోనే. మన దగ్గర ఇందులో పదో వంతు పదవి చేసినా లెటర్‌హెడ్ పట్టదు, ఇంటి గేటు మీద 'మాజీ' అని ఇత్తడి బోర్డు పెడతారు. ఈయన మాత్రం తన సమాధి రాయి ఎలా ఉండాలో బొమ్మ వేసి, దాని మీద మూడే విషయాలు చెక్కమన్నాడు: అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రచయిత, మత స్వేచ్ఛ కోసం వర్జీనియా చేసిన చట్టం రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయానికి తండ్రి. ఇంతకు మించి ఒక్క మాట కూడా వద్దని కూడా రాసి పెట్టాడు. అధ్యక్షుడు అన్న మాటే లేదు.

ఎందుకు వదిలేశాడు? తాను బతికానని చెప్పే సాక్ష్యాలుగా ఈ మూడింటితోనే గుర్తుండిపోవాలని ఉందని మాత్రం రాశాడు. నా లెక్క ఇది: వదిలేసినవన్నీ జనం ఇచ్చిన కుర్చీలు. ఆయన కాకపోతే ఇంకొకరు కూర్చునేవాళ్లు, ఆయన దిగాక కూర్చున్నారు కూడా. ఉంచుకున్న మూడూ చేత్తో చేసినవి. మన బయోడేటాల్లో, లింక్డ్‌ఇన్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, వేరు చేయమంటే ఎక్కడ చేయి పెట్టాలో తెలీదు.

ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది భక్తి కథ అయిపోతుంది. జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులని బానిసలుగా ఉంచుకున్నాడు. 'మనుషులందరూ సమానంగా పుట్టారు' అని రాసినవాడే. 1826 జూలై 4న, ఆ ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజునే చనిపోయాడు. అప్పులు తీర్చడానికి ఆరు నెలల తర్వాత, 1827 జనవరిలో, ఆయన ఇంటి దగ్గరే 130 మందిని వేలం వేశారు. ఆ ఎస్టేటులోనే బానిసల శ్మశానం కూడా ఉంది, అక్కడి గోరీల్లో ఏది ఎవరిదో చెప్పే రాత ఒక్కటీ లేదు. సొంత సమాధి రాత రాసుకోవడంలో ఉన్న చిక్కే ఇది. పదవులని వదిలేయడం వినయంలా కనిపిస్తుంది, అదే చేత్తో వదిలేసిన మిగతావి కనిపించవు. కాబట్టి ఎవరి ఎపిటాఫ్ చదివినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను: గర్వపడాల్సిన దేన్ని వదిలేశాడు, సిగ్గుపడాల్సిన దేన్ని వదిలేశాడు. మొదటిదానికి జవాబు ఆ రాతలోనే దొరుకుతుంది. రెండోదాని కోసం పక్క గోరీ దగ్గరికి వెళ్లాలి.

పదవిని, పేరు తెచ్చిన పనిని వదిలేయడం జెఫర్సన్‌తో మొదలవలేదు. గ్రీకు నాటకానికి పెద్ద దిక్కు లాంటి ఈస్కిలస్ క్రీ.పూ. 456లో సిసిలీలోని గెలాలో చనిపోయాడు. ఆయనే రాసుకున్నాడని పూర్వం నుంచీ చెప్పుకునే సమాధి రాతలో నాటకాల ఊసే లేదు. ఏథెన్స్ వాడిని, యూఫోరియన్ కొడుకుని, నా పోరాటం ఎలాంటిదో మారథాన్ తోపు చెబుతుంది, దాన్ని చవిచూసిన పొడవాటి జుట్టు పర్షియన్ చెబుతాడు, అంతే. క్రీ.పూ. 490లో మారథాన్ దగ్గర పర్షియన్ల మీద యుద్ధంలో ఉన్నాడాయన. ప్రపంచం ఈయన్ని నాటకాల కోసం గుర్తుపెట్టుకుంటే, ఈయన మాత్రం ఊరి వాళ్లతో కలిసి ఈటె పట్టుకుని నిలబడ్డ ఒక్క రోజుని గుర్తుపెట్టుకోమన్నాడు. మనకి ముఖ్యమైనదీ, మన గురించి జనానికి ముఖ్యమైనదీ ఒకటే కానక్కర్లేదు.

మన దేశంలో ఇలాంటిది ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో ఉంది. షాజహాన్ కూతురు జహనారా బేగం సమాధి. ఆవిడ మామూలు రాజకుమారి కాదు, సూరత్ రేవు ఆదాయం ఆవిడది, చాందినీ చౌక్ కట్టించింది ఆవిడ. తండ్రిని ఔరంగజేబు ఆగ్రా కోటలో బంధిస్తే, 1658 నుంచి 1666లో ఆయన పోయేదాకా ఆయన దగ్గరే ఉంది. 1681లో చనిపోయింది. తండ్రి, తల్లి తాజ్‌మహల్ కింద పడుకుని ఉంటే, ఈవిడ సమాధికి పైకప్పు కూడా లేదు, పైన మట్టి, మట్టిలో గడ్డి. పక్కనున్న రాయి మీద పారశీకంలో ఉన్న మాటల భావం: నా సమాధిని పచ్చగడ్డితో తప్ప ఇంకదేనితోనూ కప్పకండి, పేదవాళ్ల గోరీకి ఈ గడ్డి చాలు. ఆ రాతలో తనని తాను ఫకీరునని, చిష్తీ సూఫీ గురువుల శిష్యురాలినని చెప్పుకుంది, ఆ తర్వాతే షాజహాన్ కూతురినని. చక్రవర్తి కూతురు పేదరాలిని అని చెప్పుకోవడం కూడా ఒక దర్పమేగా అని నాలో ఒక మూల సణుగుతూనే ఉంటుంది. అయినా ఆ గడ్డి అబద్ధం కాదు.

సరే, మనం రాసి పెడతాం. ఉన్నవాళ్లు ఉంచుతారా? ఇంగ్లీషు కవి కీట్స్ సంగతి చూడండి. క్షయతో రోములో 1821 ఫిబ్రవరిలో పోయాడు, పాతికేళ్ల కుర్రాడు. కవిగా ఏమీ మిగలననుకున్నాడు. పేరు వద్దు, తేదీ వద్దు, ఒక్క లైను చాలన్నాడు: నీళ్ల మీద రాసిన పేరు గలవాడు ఇక్కడ ఉన్నాడు. స్నేహితులు సెవర్న్, బ్రౌన్‌లకి గుండె ఒప్పుకోలేదు. పేరైతే వేయలేదు గానీ, పైన ఇంకో నాలుగు ముక్కలు కలిపారు: ఒక యువ ఆంగ్ల కవి, శత్రువుల దుర్మార్గానికి మనసు చేదై, చావుబతుకుల్లో ఉండి, ఈ మాటలు చెక్కమన్నాడు అని. ఆ ఒక్క లైనులో ఉన్న ప్రశాంతత కాస్తా ఫిర్యాదు అయిపోయింది. తర్వాతెప్పుడో బ్రౌన్ బాధపడ్డాడు, కానీ రాయి మీద బ్యాక్‌స్పేస్ ఉండదు కదా.

నెహ్రూ విషయంలోనూ ఇదే. ఆయన సమాధి రాత రాయి మీద లేదు, 1954లో రాసిన వీలునామాలో ఉంది. బూడిదలో పిడికెడు అలహాబాదు దగ్గర గంగలో కలపమన్నాడు, అదీ మతం కోసం కాదు, చిన్నప్పటి నుంచి ఆ నదితో ఉన్న అనుబంధం కోసం అని వివరంగా చెప్పాడు. మిగతాదంతా విమానంలో తీసుకెళ్లి రైతులు కష్టపడే పొలాల మీద చల్లమన్నాడు. మతపరమైన కర్మకాండ ఏదీ వద్దని గట్టిగా రాశాడు. 1964 మేలో పోయాక బూడిద చల్లారు, మంత్రాలూ చదివారు. పోయినవాడి మాట, ఉన్నవాళ్ల మనసు, ఈ రెండింటికీ పేచీ వస్తే గెలిచేది ఎప్పుడూ ఉన్నవాళ్లే.

నెహ్రూ పద్ధతి మనకి బాగా దగ్గర. మనలో ఎక్కువ మందిమి కాలిపోతాం, రాయి ఉండదు. బూడిద గోదావరిలోనో కృష్ణలోనో కలిస్తే చిరునామా కూడా ఉండదు. అలాగని తెలుగు నేలకి సమాధి రాత తెలీదని కాదు. ఊరి ఆవుల మందని తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడికి వీరగల్లు నిలబెట్టి, కత్తి పట్టుకున్న బొమ్మ చెక్కి, ఒకటి రెండు వాక్యాల్లో ఏం చేశాడో రాసేవాళ్లు. ఎలాంటివాడో కాదు, ఏం చేశాడో. క్రైస్తవుల సమాధుల తోటకి వెళ్తే 'మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని' అన్న వాక్యం కనబడుతుంది, చాలామంది బతికుండగానే తమకి ఏ వాక్యం వేయాలో ఇంట్లో చెప్పి పెట్టుకుంటారు. ఈ విషయంలో వాళ్లు మనకంటే ధైర్యవంతులు. హైదరాబాదులో నిజాం సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి వాడు రేమండ్ 1798లో పోతే సమాధి మీద వేసింది రెండక్షరాలే, జే, ఆర్. జనం మాత్రం ఆయన్ని మూసా రాం చేసుకున్నారు, ఇప్పటికీ సిటీ బస్సు మీద మూసారాంబాగ్ అని తిరుగుతోంది. ఆ పేరు ఒక సమాధిలో ఉన్నవాడిదని బస్సులో వేలాడుతున్న ఎవరికీ పట్టదు, అయినా రోజూ పలుకుతారు.

ఇక, ఎవరైనా తమ కోసం రాసుకోవాలంటే ఎలా? చాలా వర్క్‌షాపుల్లో ఇదొక ఆట అయిపోయింది, నీ సంతాప సభలో జనం ఏమనుకోవాలో రాయి అంటారు. కాగితాల నిండా విశేషణాలు వస్తాయి: స్నేహశీలి, మృదుస్వభావి, నిజాయితీపరుడు, అందరికీ తలలో నాలుక. వీటితో గొడవేంటంటే, ఏ ఫోటో కిందైనా అతుక్కుంటాయి. పక్కింటాయన ఫోటో కింద పెట్టి చూడండి, చెక్కుచెదరదు. విశేషణం తీసేసి క్రియ పెడితే కథ మారుతుంది. 'దయగలవాడు' అని ఎవరైనా రాసుకోవచ్చు, 'రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచాడు' అని రాసుకోవాలంటే లేచి ఉండాలి.

నేనూ ప్రయత్నించాను. ఫ్లెక్సీ బిల్లు వెనకాలే. మొదటి లైనులో ఉద్యోగం వచ్చింది, కొట్టేశాను, నేను మానేసిన మర్నాడే అక్కడ ఇంకొకరు కూర్చుంటారు. రెండో లైనులో పిల్లలు వచ్చారు, అది నిజమే గానీ వాళ్లకి నేను చేసింది ఏంటో రాయబోతే ఫీజులు తప్ప వెంటనే ఏదీ గుర్తురాలేదు, అప్పుడు కొంచెం టెన్షన్ వచ్చింది. మూడో లైను ఖాళీ. ఇంటికొచ్చి మా ఆవిడకి చూపిస్తే చదివి, "'అన్నిటికీ రేపు అన్నాడు' అని వేయించుకోండి, సరిపోతుంది" అని కాగితం నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆ కాగితం ఇంకా పర్సులో ఉంది. నాకు తెలిసి అందులో సరిగ్గా వచ్చిన లైను ఆవిడదే.

వయసుతో కూడా ఇది మారుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇరవై రెండేళ్లకే తన ఎపిటాఫ్ రాసుకున్నాడు. ప్రింటర్ కదా, నా శరీరం పాత పుస్తకం అట్టలా పురుగులకి ఆహారమై పడి ఉంది, అయినా రచన పోలేదు, కర్త సరిదిద్దిన కొత్త ముద్రణగా మళ్లీ వస్తుంది అని చమత్కారం చేశాడు. చాలా ముద్దుగా ఉంటుంది, కుర్రతనం కనబడుతుంది. తర్వాత అరవై ఏళ్లలో మెరుపు మీద ప్రయోగాలు, రాయబారం, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం, ఎన్నో జరిగాయి. 1790లో ఎనభై నాలుగేళ్లకి పోయేనాటికి ఆ చమత్కారమంతా పక్కన పెట్టేశాడు. ఫిలడెల్ఫియాలో ఆయన సమాధి మీద ఉన్నది బెంజమిన్, డెబోరా ఫ్రాంక్లిన్, 1790. భార్య పేరు, తన పేరు, సంవత్సరం. రాయి సైజు కూడా వీలునామాలోనే చెప్పాడు: ఆరడుగులు, నాలుగడుగులు. మా ఫ్లెక్సీ సైజే. ఇంకో ముక్క కూడా ఉంది. ఆ వీలునామా మొదటి వాక్యంలో తనెవరో చెప్పుకుంటూ ముందు 'ప్రింటర్' అన్నాడు, ఫ్రాన్సులో రాయబారి, పెన్సిల్వేనియా అధ్యక్షుడు అన్నవి ఆ తర్వాతే వచ్చాయి.

ఇవన్నీ నాకు ఆ రోజు షాపులో గుర్తురాలేదు. నేను చేసిందల్లా పెద్దమ్మకి ఫోన్ కొట్టడం.

"సర్పంచ్ అని వేయిద్దామా పెద్దమ్మా?"

"దేనికిరా? ఆ ఐదేళ్లూ నిద్ర లేదు ఆయనకి. మోటారు మెకానిక్ అని వేయించు, ఊళ్లో వాళ్లకి అర్థమవుద్ది."

స్పీకర్‌లో అన్నయ్య విన్నాడు, ఒప్పుకోలేదు. మంత్రిగారి మనుషులు వస్తారు, బాగోదు అన్నాడు. వైండింగ్ షెడ్డు నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు సెలవుల్లో అక్కడే ఉండేవాణ్ని. ఎండాకాలం కాయిల్ కాలిపోయిన మోటారుని ట్రాక్టరులో వేసుకొచ్చేవాళ్లు, వరి ఎండిపోతోందని కళ్లలో నీళ్లు పెట్టుకునేవాళ్లు. పెదనాన్న కాలిన రాగి తీగంతా ఊడబీకి, కొత్త తీగ చుట్టలు లెక్క తప్పకుండా వేసి, వార్నిష్ పోసి, తెల్లారేసరికి ఆరబెట్టేవాడు. చుట్టలు లెక్కపెట్టేటప్పుడు పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవాడు, మాట్లాడితే లెక్క పోతుంది. చివరికి కుర్రాడే తేల్చాడు. "రెండూ పడతయ్ అన్నా, ఫాంట్ తగ్గిస్తా" అని, 'మోటారు మెకానిక్, మాజీ సర్పంచ్' అని కొట్టాడు. మెకానిక్ ముందు రావాలని నేను పట్టుబట్టిన మాట మాత్రం నిజం.

ఎంత కాలం ఉంటుందిలే అని కూడా అనుకున్నాను. రాయే ఉండదు మరి. జెఫర్సన్ తన రాయి గరుకు రాయితో చేయించమన్నాడు, ఖరీదైనదైతే ఎవరైనా దాని విలువ కోసం పగలగొడతారని. జ్ఞాపకంగా దాచుకుందామని వచ్చినవాళ్లు దాన్నే ముక్కలు ముక్కలు విరుచుకుపోయారు, 1883లో మిగిలిన రాయిని మిస్సోరీ విశ్వవిద్యాలయానికి ఇచ్చేసి, ఆయన సమాధి దగ్గర కొత్తది పెట్టాల్సి వచ్చింది. అదే 1883లో టర్కీలోని ఐదిన్ దగ్గర ఇంకో సమాధి రాయి వెలుగులోకి వచ్చింది. సైకిలోస్ అనేవాడు దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట నిలబెట్టింది. బతికినన్నాళ్లూ వెలుగు, దేనికీ దిగులుపడకు అనే చిన్న పాట, దాని స్వరాలతో సహా చెక్కి ఉంది, అలా స్వరాలతో పూర్తిగా దొరికిన పాటల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే. చావులేని జ్ఞాపకానికి గుర్తుగా సైకిలోస్ నన్నిక్కడ నిలిపాడు అని ఆ రాయే చెప్పుకుంటుంది. దొరికినాయన ఇంట్లో ఆ రాయి అడుగు సమంగా కోయించి, ఇల్లాలి పూలకుండీకి పీట చేశారు. ఆ కోతలో కింది లైను పోయింది.

మొన్న వానల్లో ఊరెళ్లాను. పెద్దమ్మ దొడ్లో కట్టెల మోపు మీద ఫ్లెక్సీ కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. రాత ఉన్న వైపు కిందికి వేసింది. ఎందుకలా వేశావు పెద్దమ్మా అంటే, "ఎండకి రంగు పోద్దిరా" అంది.